పర్ణశాల పరిసరాల్లో క్రైస్తవ నైతికత: దుమ్ముగూడెం మిషన్ - ఒక పరిశీలన

సారాంశం:
గోదావరి అటవీ సరిహద్దున ఉన్న దుమ్ముగూడెంలో 19వ శతాబ్దిలో ఏర్పడిన క్రైస్తవ మిషన్ నేపథ్యంలో, బైబిలు బోధించే నిత్యజీవిత నిజాయితీకి ఆ ప్రాంతంలో కలిగిన అర్థాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: దుమ్ముగూడెం, కోయలు, కూలి, తూనిక, అప్పు, నిజాయితీ.

ఉపోద్ఘాతం:
సీతారాముల వనవాస స్మృతికి నెలవైన పర్ణశాల దుమ్ముగూడెం మండలంలో ఉంది. 19వ శతాబ్ది మధ్యకాలంలో ఎగువ గోదావరిని నౌకాయానానికి అనువుగా మార్చే పథకంలో భాగంగా దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట పనులు సాగాయి. ఆ పథకం 1871లో నిలిచిపోయింది. అయితే ఆ పనుల చుట్టూ మొలకెత్తిన క్రైస్తవ సమాజం మాత్రం నిలిచింది.

మిషన్ ఆవిర్భావం:
ఈ మిషన్ చర్చి ప్రాంగణంలో గాక పని స్థలంలో మొదలుకావడం గమనార్హం. పనులను పర్యవేక్షించిన ఇంజనీరు ఎఫ్.టి. హెయిగ్ దీనికి ప్రేరకుడు. ఆయన వద్ద పనిచేసిన వెంకటరామరాజు క్రైస్తవం స్వీకరించి, సర్కారు కొలువు విడిచి, కోయల నడుమ ప్రచారకుడయ్యాడు. తరువాత చర్చ్ మిషనరీ సొసైటీ పక్షాన జాన్ కెయిన్ ఇక్కడ దీర్ఘకాలం పనిచేశాడు. కోయల ఆచారాలపై ఆయన 'ఇండియన్ ఆంటిక్వరీ'లో రాసిన వ్యాసాలను ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన తన గ్రంథంలో వినియోగించుకున్నాడు. 19వ శతాబ్ది ముగియకముందే లూకా సువార్త కోయ భాషలోకి వచ్చింది.

బైబిలు దృష్టిలో నిత్యజీవిత ధర్మం:
బైబిలులో నీతి ఆరాధనకు మాత్రమే పరిమితం కాదు. లేవీయకాండము 19వ అధ్యాయం న్యాయమైన త్రాసును, కొలతను కోరుతుంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం బీద కూలివాని కూలిని ప్రొద్దు గుంకకముందే చెల్లించమంటుంది. లూకా 3వ అధ్యాయంలో యోహాను సుంకరులను ఉద్యోగం మానమనడు. నిర్ణయించినదానికి మించి వసూలు చేయవద్దంటాడు. 19వ అధ్యాయంలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇవ్వడానికి సిద్ధపడతాడు. అంటే పశ్చాత్తాపానికి కొలమానం కన్నీరు కాదు, సరిచేసిన లెక్క.

ఈ లెక్క భావన భద్రాచల సీమకు కొత్తది కాదు. తహసీల్దారు కంచర్ల గోపన్న ప్రభుత్వ ధనంతో ఆలయం నిర్మించి గోల్కొండ చెరసాల పాలయ్యాడని, రామలక్ష్మణులే వచ్చి ఆ పైకం చెల్లించారని ఐతిహ్యం. అక్కడ కూడా భక్తి బాకీని రద్దు చేయలేదు, తీర్చింది. రెండు సంప్రదాయాల వేదాంతాలు వేరైనా, విశ్వాసాన్ని బాకీ ముందు నిలబెట్టడంలో అవి ఒకచోట కలుస్తాయి.

వ్యక్తి నీతి - వ్యవస్థ:
కోయల జీవితంలో కూలి, తూనిక, అప్పు, శిస్తు ఉపమానాలు కావు, నిత్య సమస్యలు. 1874లో భద్రాచలం, రేకపల్లె తాలూకాలు మధ్య పరగణాల నుండి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు మారాయి. అనంతరం రేకపల్లెలో పోడు శిస్తు పెరిగింది. 1879 నాటి రంప తిరుగుబాటు ఈ ప్రాంతానికీ వ్యాపించింది. 1917 నాటి ఏజెన్సీ చట్టం గిరిజనుల భూముల బదలాయింపును, వారి అప్పులపై వడ్డీని నియంత్రించింది. షావుకారు మనస్సాక్షికే వదిలిన న్యాయం కోయలకు అందలేదని ఆ చట్టం అవసరమే చాటుతుంది. పైగా, నిజాయితీని బోధించిన మిషన్ పుట్టింది శిస్తు విధించిన పాలనాయంత్రాంగపు నీడలోనే. కోయలలో క్రైస్తవం స్వీకరించినవారు స్వల్పసంఖ్యలోనే ఉండడాన్ని పరిశీలించేటప్పుడు ఈ వైరుధ్యాన్ని విస్మరించరాదు.

ముగింపు:
1912లో వి.ఎస్. అజరయ్య బిషప్‌గా దోర్నకల్ అధ్యక్ష మండలం ఏర్పడింది. తరువాతి కాలంలో దుమ్ముగూడెం సంఘం అందులో భాగమైంది. ఆ సంఘ చరిత్రను మతమార్పిడి సంఖ్యలతో తూచడం పరిపాటి. అయితే బైబిలు స్వయంగా సూచించే కొలమానం వేరు: కూలి సకాలంలో అందిందా, తూకం సరిగా ఉందా, తీసుకున్నది తిరిగి ఇచ్చారా అన్నదే. పర్ణశాల పరిసర చరిత్రను ఆ ప్రశ్నలతో చదివినప్పుడు మిషన్‌ను, సర్కారును, షావుకారును ఒకే త్రాసులో తూచడం సాధ్యమవుతుంది.