ఒకటవ నంబరు సేవకుడు

హైదరాబాదులో గాంధీనగరము చుట్టుపట్ల కాపురమున్న వారికి పోటీ పరీక్షల విద్యార్థులు కొత్తవారు కారు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములో తల వంచి చదువుకొను యువతీయువకులను, అశోక్‌నగరములోని శిక్షణ కేంద్రముల ముందు గుమిగూడు వారిని, నారాయణగూడ వైపు అద్దె గదులు వెదకుకొను వారిని మనము నిత్యము చూచుచునే ఉన్నాము. జిల్లాల నుండి వచ్చిన ఈ పిల్లల నోట దరఖాస్తుల కాలములో తరచుగా వినవచ్చు మాట ఒకటి ఉన్నది. అది ‘సర్వరు డౌన్’ అనునది. గడువు ముగియు రాత్రి, రుసుము చెల్లించవలసిన క్షణమున, తెర మీద చక్రము తిరుగుచునే ఉండును. ఒక సంవత్సరపు శ్రమ ఆ చక్రము మీద ఆధారపడి ఉండును.

అట్టి సమయమున ఎక్కడనో ఉన్న ఆ యంత్రములో పడిపోయిన సేవను తిరిగి లేపువారెవరు? అర్ధరాత్రి వేళ మనిషి లేచి వచ్చి మీట నొక్కవలసినదేనా? ఇంటర్నెట్ సర్వర్లలో చాలా భాగము నేడు లినక్సు అను వ్యవస్థ మీద నడుచుచున్నవి. అందులో ఈ బాధ్యత ఒక ప్రోగ్రాముది. యంత్రము మేల్కొన్నప్పుడు అన్నిటికంటె ముందు లేచి, తక్కిన అందరిని లేపి, యంత్రము ఆగువరకు కాపలా కాయునది ఆ ప్రోగ్రామే. దానికి ‘ఒకటి’ అను సంఖ్య శాశ్వతముగా కేటాయింపబడి ఉన్నది. ఈ ఒకటవ నంబరు సేవకుని చరిత్రను, అతని పనితీరును ఈ ప్రసంగములో సంగ్రహముగా వివరింప దలచినాము.

కథ 1969 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఆరంభమైనది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు అచట యూనిక్సు అను వ్యవస్థకు పునాది వేసినారు. ఈ వ్యవస్థలో యంత్రమునకు ప్రాణము వంటి భాగమును ‘కెర్నెల్’ అందురు. విద్యుత్తు వచ్చిన పిదప కెర్నెల్ మేల్కొని, జ్ఞాపకశక్తిని, పరికరములను సరిచూచుకొని, ఒకే ఒక ప్రోగ్రామును ప్రారంభించును. దాని పేరు ‘ఇనిట్’. తరువాత నడుచు ప్రోగ్రాములన్నియు ఇంచుమించుగా దాని సంతతియే. తల్లి ప్రోగ్రాము చనిపోయి అనాథలైన పిల్ల ప్రోగ్రాములను చేరదీయు బాధ్యత కూడ దానిదే. ఇనిట్ చనిపోయినచో కెర్నెల్ ఇక ముందుకు సాగలేదు. యంత్రమంతయు నిలిచిపోవును.

1983 లో వచ్చిన ‘సిస్టమ్ ఫైవ్’ యూనిక్సు ఈ మేలుకొలుపునకు ఒక పద్ధతి కల్పించినది. ఒక్కొక్క సేవకు ఒక్కొక్క ‘స్క్రిప్టు’, అనగా ఆజ్ఞల పట్టిక, ఉండును. ఆ పట్టిక పేరులో ఒక సంఖ్య ఉండును. పది సంఖ్య గలది ముందు లేచును, ఇరువది గలది తరువాత లేచును. ఒకటి లేచిన పిదప గాని ఇంకొకటి లేవదు. మన ఇండ్లలో లోగడ ఉండిన వాల్వు రేడియో వేడెక్కువరకు మనము వేచియుండినట్లు, ప్రతి సేవయు ముందున్నదాని కొరకు వేచియుండవలసినదే.

ఈ పద్ధతిలో రెండు లోపములు ఉన్నవి. మొదటిది, సంఖ్య క్రమమును చెప్పును గాని కారణమును చెప్పదు. ఇరువదవ సేవకు పదవ సేవతో నిజముగా పని యున్నదో లేదో పట్టికను చూచి తెలియదు. రెండవది, లేపిన తరువాత కథ ముగిసినది. లేచిన సేవ మధ్యాహ్నము పడిపోయినచో స్క్రిప్టునకు తెలియదు. సేవ తన సంఖ్యను ఒక ఫైలులో వ్రాసి పెట్టును. అది చనిపోయిన తరువాత కూడ ఆ ఫైలు అట్లే మిగిలి, బ్రతికియున్నట్లు భ్రమ కలిగించుట కద్దు.

ఇంతలో కొత్త యుగము వచ్చినది. 1983 లో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించినారు. ఎవరైనను చదువదగిన, మార్చుకొనదగిన, పంచుకొనదగిన సాఫ్టువేరు ఉండవలెనని ఆయన సంకల్పము. 1991 లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెల్‌ను లోకమునకు ప్రకటించినారు. ఈ రెంటిని కూర్చి ప్రజలకు అందించుటకై 1993 లో ఇయాన్ మర్డాక్ ‘డెబియన్’ అను సంస్థను స్థాపించినారు. అది స్వచ్ఛంద కార్యకర్తల సమాజము.

ఈ ఉద్యమమునకు తెలుగునాటితో సంబంధము లేకపోలేదు. హైదరాబాదు కేంద్రముగా ‘స్వేచ్ఛ’ అను సంస్థ స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రచారమునకు, తెలుగులో లినక్సు వాడుకకు కృషి చేసినది. 2011 ఫిబ్రవరిలో విడుదలైన డెబియన్ ఆరవ సంచికలో, వ్యవస్థను యంత్రములో ప్రతిష్ఠించు చిత్రరూప కార్యక్రమమునకు కొత్తగా చేరిన భాషలలో తెలుగు ఒకటి. కావున డెబియన్ సమాజములో తరువాత చెలరేగిన వాదము మనకు సంబంధము లేని పరదేశపు తగవు కాదు.

పాత ఇనిట్‌ను మార్చవలెనను ఆలోచన పలుచోట్ల ఒకేసారి మొలకెత్తినది. 2005 లో సన్ సంస్థ తన సొలారిస్ పదవ సంచికలోను, ఆపిల్ సంస్థ తన మాక్ వ్యవస్థలోను కొత్త సేవా నిర్వాహకులను ప్రవేశపెట్టినవి. 2006 లో ఉబుంటు వారు స్కాట్ జేమ్స్ రెమ్నాంట్ వ్రాసిన ‘అప్‌స్టార్ట్’ను స్వీకరించినారు. 2010 ఏప్రిల్ 30 న రెడ్ హ్యాట్ సంస్థలో పనిచేయుచుండిన లెన్నార్ట్ పోటరింగ్ ఒకటవ నంబరు ప్రోగ్రామును గురించి ఒక దీర్ఘ వ్యాసము ప్రకటించినారు. కే సీవర్స్‌తో కలిసి ఆయన రూపొందించిన ఆ నిర్వాహకుని పేరు ‘సిస్టమ్‌డి’.

అది పనిచేయు విధము వినదగినది. అందులో సంఖ్యలు లేవు. ప్రతి సేవకు ‘యూనిట్ ఫైలు’ అను ఒక చిన్న పత్రము ఉండును. అందు మూడు భాగములు. ‘యూనిట్’ అను మొదటి భాగములో ఆ సేవ ఏమిటో, దానికి ఎవరి అవసరము కలదో వ్రాయుదురు. ‘సర్వీస్’ అను రెండవ భాగములో ఏ ప్రోగ్రామును నడుపవలెనో, అది పడిపోయినచో ఏమి చేయవలెనో వ్రాయుదురు. ‘ఇన్‌స్టాల్’ అను మూడవ భాగములో యంత్రము ఏ దశకు చేరినప్పుడు ఈ సేవ లేవవలెనో సూచింతురు. అంతయు కలిపి పది పంక్తులు చాలును. పాత స్క్రిప్టులు నూరు పంక్తులు దాటుట సామాన్యముగా ఉండినది.

ఇందు ‘అవసరము’ వేరు, ‘క్రమము’ వేరు. ఇంటి ఉదాహరణతో ఇది తేటపడును. పాలు లేనిదే కాఫీ లేదు, ఇది అవసరము. కాఫీ త్రాగిన తరువాత పత్రిక చదువుట అలవాటు. ఇది క్రమము మాత్రమే, కాఫీ లేకున్నను పత్రిక చదువవచ్చును. సిస్టమ్‌డి భాషలో అవసరమును ‘రిక్వైర్స్’ అనియు, క్రమమును ‘ఆఫ్టర్’ అనియు విడివిడిగా వ్రాయవలెను. అవసరమును మాత్రము వ్రాసి క్రమమును మరచినచో, పాలవాడు ఇంటి నుండి బయలుదేరిన క్షణముననే మనము పొయ్యి వెలిగించినట్లగును. రెండును ఒకేసారి ఆరంభమగును. కొత్తగా నేర్చుకొనువారు ఎక్కువగా తడబడునది ఇచ్చటనే. పరస్పర సంబంధము లేని సేవలు మాత్రము ఒకదాని కొరకు ఒకటి నిలువక, అన్నియు కలిసి లేచును. అందువలన యంత్రము త్వరగా సిద్ధమగును.

రెండవ ఉపాయము ఉత్తరముల పెట్టె వంటిది. ఇంటివారు ఇంకను దిగకముందే వాకిట పెట్టె తగిలించినచో, వచ్చిన ఉత్తరములు అందులో నిలిచియుండును గదా. అట్లే ఒక సేవ లేవకముందే దానికి రాదగిన సందేశముల ద్వారమును, అనగా ‘సాకెట్’ను, సిస్టమ్‌డి తానే తెరచి ఉంచగలదు. వచ్చిన విన్నపములు అచట వేచియుండును. సేవ లేచి వానిని అందుకొనును. ఈ ఉపాయమును ఆపిల్ వారి పద్ధతి నుండి గ్రహించినట్లు పోటరింగ్ స్వయముగా అంగీకరించినారు.

మూడవది ఇంటిపేరు వంటిది. ఒక సేవ తన పిల్లలను, పిల్లల పిల్లలను ఎందరిని పుట్టించినను, కెర్నెల్‌లోని ‘సీగ్రూప్’ అను ఏర్పాటు వలన అందరికి ఒకే గుంపు గుర్తు అంటియుండును. సేవను ఆపుమన్నప్పుడు ఎవరును దాగియుండి మిగులరు. సేవ బ్రతికియున్నదా అని తెలుసుకొనుటకు పాత ఫైలును నమ్మవలసిన పని లేదు.

ఇక దానిని నడుపువారు మరువరాని సంగతులు కొన్ని ఉన్నవి. పంపిణీదారులు ఇచ్చిన యూనిట్ ఫైళ్ళు ఒకచోట ఉండును. నిర్వాహకుడు తాను వ్రాసినవానిని ‘ఈటీసీ’ అను విభాగములో ఉంచవలెను. ఒకే పేరు రెండుచోట్ల ఉన్నచో నిర్వాహకుని మాటయే చెల్లును. మార్పు చేసిన పిదప ఫైళ్ళను తిరిగి చదువుమని సిస్టమ్‌డికి చెప్పవలెను. ‘స్టార్ట్’ అను ఆజ్ఞ సేవను ఇప్పుడు లేపును. ‘ఎనేబుల్’ అను ఆజ్ఞ యంత్రము మేల్కొనినప్పుడెల్ల దానిని లేపుటకు ఏర్పాటు చేయును. మొదటిది చేసి రెండవది మరచినవాని సేవ నెలల తరబడి చక్కగా నడచి, వేసవిలో ఒకనాడు కరెంటు పోయి వచ్చినప్పుడు మాయమగును.

అన్నిటికంటె ముఖ్యమైనది ‘రీస్టార్ట్’ అను పంక్తి. దానిని వ్రాయనిచో సిస్టమ్‌డి ఊహించుకొనినది ‘వద్దు’ అని. పడిన సేవ పడియే ఉండును. ‘విఫలమైనప్పుడు లేపుము’ అని వ్రాసినచో అర్ధరాత్రి అయినను లేపును. అయితే దీనికి ఒక హద్దు కలదు. సాధారణముగా పది క్షణములలో, అనగా 10 సెకండ్లలో, 5 మార్లు లేపినను నిలువనిచో, ఇక లేపక ‘విఫలము’ అని ప్రకటించి ఊరకుండును. జరిగినదంతయు ‘జర్నల్’ అను దినచర్యలో వ్రాసి ఉంచును. దానిని చదివి కారణము కనుగొనవలసినది మనిషి. ఒక్కసారిగా లక్షల మంది వచ్చి పడిన రద్దీకి కూడ ఇది మందు కాదు. దానికి ముందుచూపు, అదనపు యంత్రములు కావలెను.

2011 మేలో ఫెడోరా పదునైదవ సంచిక సిస్టమ్‌డిని స్వీకరించినది. 2014 జూన్‌లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ ఏడవ సంచికతో అది వాణిజ్య సర్వర్లలో ప్రవేశించినది. కాని డెబియన్ సమాజములో పెద్ద వాదము లేచినది. ఒక ప్రోగ్రాము ఒకే పనిని చక్కగా చేయవలెననునది యూనిక్సు సంప్రదాయము. సిస్టమ్‌డి ప్రణాళిక దినచర్యను, పరికరముల నిర్వహణను, లాగిన్ వ్యవహారమును కూడ తన పరిధిలోనికి తెచ్చుకొనినది. దినచర్యను మామూలు అక్షరములలో గాక ప్రత్యేక రూపములో దాచుట కూడ విమర్శకు గురియైనది. అవన్నియు ఒకే ప్రోగ్రాము కాదనియు, ఒకే ప్రణాళికలోని వేర్వేరు ప్రోగ్రాములనియు సమర్థకులు బదులు చెప్పినారు. ఇన్ని అధికారములు ఒకేచోట చేరుట క్షేమమా అని విమర్శకులు అడిగిన ప్రశ్న మాత్రము తేలికగా త్రోసివేయదగినది కాదు.

డెబియన్ సాంకేతిక సంఘములో సభ్యులు ఎనిమిది మంది. నలుగురు సిస్టమ్‌డి వైపు, నలుగురు అప్‌స్టార్ట్ వైపు నిలిచినారు. 2014 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బీడేల్ గార్బీ నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డి నెగ్గినది. కొలది దినములకే ఉబుంటు అధినేత మార్క్ షటిల్‌వర్త్ తమ అప్‌స్టార్ట్‌ను విడిచి డెబియన్ మార్గమునే అనుసరింతుమని ప్రకటించినారు. సమ్మతింపనివారు కొందరు 2014 లోనే వేరుపడి ‘దేవువన్’ అను శాఖను ఆరంభించి, 2017 లో దాని ప్రథమ సంచికను వెలువరించినారు. 2019 డిసెంబరులో డెబియన్ సభ్యులందరు మరల ఓటు వేసి, సిస్టమ్‌డినే ప్రధానముగా ఉంచుకొని, ఇతర మార్గముల అన్వేషణకు తోడ్పడుటకు తీర్మానించినారు.

ఈ వాదప్రతివాదములన్నియు, ఓట్ల లెక్కలతో సహా, బహిరంగముగా జరిగినవి. నేటికిని ఎవరైనను చదువవచ్చును. ఓడినవారికి మూలమును తీసుకొని వేరింటి కాపురము పెట్టుకొను హక్కు మిగిలినది. యంత్రములో మొదట లేచు సేవకుని ఎన్నుకొనుటలో ఇంతమంది ఇన్నేండ్లు తర్కించుట మనకు వింతగా తోచవచ్చును. కాని మన పిల్లల దరఖాస్తులు, మన పింఛనులు, మన బ్యాంకు లెక్కలు నేడు ఇట్టి సేవకుల చేతిమీదుగానే నడుచుచున్నవి. గాంధీనగరములో చదువుకొను యువకులలో కొందరు రేపు ఏదో కార్యాలయములో ఆ పది పంక్తుల పత్రమును వ్రాయువారు కాగలరు. ఆ పత్రములో ‘రీస్టార్ట్’ అను పంక్తి ఉన్నదా, ‘ఎనేబుల్’ చేసినారా, జర్నల్‌ను ప్రతిదినము చదువువారు ఒకరున్నారా అని విచారించుట వారి మొదటి పని కావలెనని మేము కోరుచున్నాము.