గోదారి అవతలి ఆట

పోయిన ఆదివారం మా ఆడపడుచు కొడుకు అమెరికా నుంచి ఒక వీడియో పంపాడు. మిషిగన్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ అది. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం, ఒక్క సీటు ఖాళీ లేదు. నేను పోపు వేస్తూ ఫోన్ మామయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండు నిమిషాలు చూశారు.

"బంతి సంకలో పెట్టుకుని ఉరుకుతున్నారు కదమ్మా, దీన్ని ఫుట్‌బాల్ అంటారేంది?" అన్నారు.

"వాళ్ళ ఆట అంతే మామయ్యా."

"ఫుట్‌బాలంటే మా హైదరాబాద్ పోలీసోళ్ళది. యాభైలో ఆడినారు చూడు!"

"మా హైదరాబాద్" అన్నప్పుడల్లా ఆయన గొంతులో ఒక ధీమా ఉంటుంది. మా పుట్టిల్లు భద్రాచలం, అత్తగారిది బూర్గంపాడు. ఇప్పుడు ఆటో ఎక్కితే అవతలి ఊరే. 1950లో మాత్రం గోదారికి ఆ ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం, ఈ ఒడ్డు మద్రాసు రాష్ట్రం. వంతెన 1965లో గానీ రాలేదు, అప్పటిదాకా పడవే దిక్కు. భద్రాచలం తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మంలో కలిసింది 1959లో. అందుకే మామయ్యగారి లెక్కలో మా పుట్టింటివాళ్ళం ఇప్పటికీ "అవతలోళ్ళమే". పెళ్ళయిన కొత్తలో ఉడుక్కునేదాన్ని, ఇప్పుడు నవ్వొస్తుంది.

ఆయనకప్పుడు పన్నెండేళ్ళు. వాళ్ళ పెద్దన్నయ్య హైదరాబాద్‌లో కానిస్టేబుల్. టీమ్‌లో ఆటగాడేమీ కాదు, గోషామహల్ గ్రౌండ్ దగ్గర డ్యూటీ పడితే నిలబడి ప్రాక్టీసు చూసేవాడు, అంతే. పండక్కి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఆ కబుర్లన్నీ చెప్పేవాడట. వాటిలో నేను నమ్మనివి కొన్ని ఉన్నాయి. నమ్మినవాటిని మాత్రం తర్వాత పుస్తకాల్లో, పేపర్లలో వెతికి చూసుకున్నాను.

1950 అంటే పోలీస్ చర్య జరిగి ఇంకా రెండేళ్ళే. ఊళ్ళో మనుషులు ఒకరినొకరు అనుమానంగా చూసుకునే రోజులని మామయ్యగారే అంటారు. అట్లాంటి ఏడాదిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలిచింది. స్వాతంత్ర్యం తర్వాత మొదటిసారి జరిగిన డ్యూరాండ్ కప్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పు కూడా తెచ్చుకుంది. రోవర్స్ కప్‌నైతే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఇంకెవరికీ ఇవ్వలేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి ఆటగాళ్ళు ఆ జట్టు నుంచే ఒలింపిక్స్‌కు వెళ్ళారు.

ఆ ఏడాది జట్టు పగ్గాలు చేతికి తీసుకున్నాయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదువుకుని బడిపంతులుగా పనిచేసిన మనిషి. "మైదాన్" సినిమా వచ్చాక ఆయన పేరు చాలామందికి తెలిసింది. మా ఇంట్లో అందరం కలిసే చూశాం. మామయ్యగారు మాత్రం సగంలో లేచి వెళ్ళిపోయారు. అందులో బొంబాయి, కలకత్తా కనబడినంత గోషామహల్ కనబడలేదని ఆయన అలక.

నాకు కప్పుల కన్నా రహీం గారు నేర్పిన పద్ధతి నచ్చింది. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టే ఆట నేర్పాడు. వాటం లేని కాలితోనే బంతి తన్నాలని పోటీలు పెట్టేవాడు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలన్నమాట. ఇంకో పోటీలో బంతిని కాళ్ళ దగ్గరే తిప్పుకుంటూ ముందుకు పోవడం నిషేధం. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. పొట్టి పిల్లలు వెనకబడకుండా ఎత్తు లెక్కన విడిగా పోటీలు పెట్టేవాడు. వీటిలో దేనికీ పెద్ద డబ్బు అక్కర్లేదు. గ్రౌండు, బంతి, రోజూ వచ్చి నిలబడే మనిషి ఉంటే చాలు. ఆ మూడోదే దొరకదు, అదే కష్టం.

అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం సంగతి కూడా చెప్పాలి. క్యాంపు చాలా దూరం, రోజూ వచ్చి పోవడానికి డబ్బుల్లేవన్నాడట. రహీం గారు అద్దె సైకిలుకని రోజుకో రూపాయి ఇచ్చేవాడని బలరామే తర్వాత చెప్పుకున్నాడు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. రహీం గారే కోచ్. ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చినప్పుడూ ఇద్దరూ ఉన్నారు. అప్పటికే రహీం గారికి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు.

తర్వాత ఏమైందంటే, ఒక్కరోజులో ఏమీ కాలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా. కానీ మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బుల వైపు వెళ్ళడం అంతకు ముందే మొదలైంది. బలరామే 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. ఇక్కడ రహీం గారి చోట నిలబడే మనిషి దొరకలేదు. అంత పెద్ద కథలో మన అడవి వైపు ఊరి పేరు ఒక్కటీ కనబడకపోవడం నాకు వెలితిగా అనిపిస్తుంది. మామయ్యగారి దగ్గర ఆ మాటంటే, "బంతి రావాలన్నా పడవ ఎక్కాల్సిందేనమ్మా" అన్నారు.

ఆయనా కొన్నాళ్ళు ఆడారట. గుడ్డపీలికల బంతితో, గోదారి ఇసుకలో. వాళ్ళ నాన్న చూసి, పొలం పని ఎగ్గొట్టి ఆటలా అని బంతిని పొయ్యిలో పెట్టేశాడట. ఈ సంగతి నవ్వుతూనే చెబుతారు. మా ఆడపడుచు స్కూల్లో కబడ్డీ బాగా ఆడేది. టెన్త్ కాగానే మాన్పించింది మాత్రం ఈయనే. ఆ సంగతి ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడుతుంది. యూనివర్సిటీ జట్టు సెలెక్షన్స్‌కు వరంగల్ వెళ్తానని పది రోజులుగా అడుగుతోంది. ఆమెతో పాటు వెళ్ళేవాళ్ళు నలుగురే. రాత్రి అక్కడే ఉండాలి. వాళ్ళ నాన్న నా వైపు చూస్తారు, నేను ఆయన వైపు చూస్తాను. పరీక్షలు దగ్గర పడ్డాయని ఒకరోజు, వానలని ఒకరోజు, ఏదో ఒకటి చెప్పి దాటేశాను. బూట్లు పాతబడ్డాయి, కొత్తవి కొనాలన్నది మూడో సాకు. నిజానికి భయం నాది.

ఆ ఆదివారం మామయ్యగారు కథంతా చెప్పాక, అది పక్కనే కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ, "తాతయ్యా, ఆ సైకిల్ రూపాయి ఇప్పుడైతే ఎంతవుతుంది?" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పడకగదిలోకి వెళ్ళి, దిండు కింద పెట్టుకునే పెన్షన్ డబ్బుల కవరు తెచ్చి నా చేతికిచ్చారు.

"బూట్లు కొనమ్మా. రానూపోనూ బస్సు చార్జీలు కూడా అందులోంచే తియ్యి. తోడు నువ్వే పో. నాకు రెండు రోజులు పెరుగన్నం చాలు."

నేను కవరు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆయన అప్పటికే మనవరాలి వైపు తిరిగి అడుగుతున్నారు.

"ఎడమ కాలితో కొట్టడం వచ్చా నీకు?"

"కొంచెం కొంచెం."

"బంతి పట్రా. పెరట్లోకి నడువు."