చిన్నవ్వ గీసిన గీత

మా ఇంట్లో నర్సులు ఇద్దరు. ఒకరు మా అవ్వ చెల్లెలు, మేమంతా చిన్నవ్వ అంటాం. ఇంకొకరు ఆవిడ కోడలు, నాకు పిన్ని అవుతుంది. సినిమావాళ్ళ గురించి, కొట్ల గురించి ఈ బ్లాగులో చాలా రాసుకున్నాం, వీళ్ళ గురించి ఎవరూ రాయలేదు. బళ్ళారిలో కన్నడ మీడియం చదివినవాణ్ణి, తప్పులుంటే పెద్దలు దిద్దండి.

మద్రాసులో సర్కారు ప్రసవాల ఆస్పత్రి 1844లో మొదలైంది, తర్వాత ఎగ్మూరులో స్థిరపడింది. జనరల్ ఆస్పత్రిలో నర్సులకి శిక్షణ 1871లో వచ్చింది. అంతకుముందే ఫ్లోరెన్స్ నైటింగేల్, ఇండియాలో ఒక్కసారీ కాలు పెట్టకుండానే, ఇక్కడి సిపాయిల బారకాసుల్లో చావుల లెక్కలు తెప్పించుకుని కూర్చుంది. ఆ కమిషన్ రిపోర్టు 1863లో వచ్చింది. అంటే నర్సు పనిలో లెక్క మొదట్నుంచీ ఉంది, ఫోన్లు తెచ్చింది కాదు.

చిన్నవ్వ లెక్క పార్టోగ్రామ్. రొడీషియాలో పనిచేసిన ఫిల్పాట్, కాసిల్ అనే డాక్టర్లు 1972లో ప్రచురించారు. దూరాన ఉండే మిడ్‌వైఫులు ఏ తల్లిని పెద్దాస్పత్రికి ఎప్పుడు పంపాలో తేల్చుకోవడానికి చేసినది. గర్భసంచి ముఖం గంటకి ఒక సెంటీమీటరు తెరుచుకోవాలి, అది హెచ్చరిక గీత. దానికి నాలుగు గంటలు కుడిపక్కన ఇంకో గీత. అది దాటితే ఏదో ఒకటి చెయ్యాల్సిందే. మా టెస్టింగులో లిమిట్ పెట్టుకున్నట్టే. చిన్నవ్వ స్కేలు పెట్టి గీసేది, నోట్‌బుక్కులో కూడా ఎక్కించుకునేది.

పిన్ని చేతిలో ఇప్పుడు ఫోను ఉంది. రిజిస్టరులో రాసిందే మళ్ళీ యాప్‌లో కొట్టాలి, అదో గోల. ఒకసారి నాకు చూపించింది. హీమోగ్లోబిన్ 10.5 బదులు 105 కొడితే కిక్కురుమనకుండా తీసుకుంది! యాప్ పేరు చెప్పను గానీ, మా ఆఫీసులో ఐతే అది మొదటిరోజే బగ్.

కానీ అదే ఫోనులో ఒక మంచి కూడా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన కొత్త ప్రసవ పట్టిక, నర్సుల వాట్సాప్ గ్రూపులో. పోయిన సంక్రాంతికి భోజనాల దగ్గర పిన్ని దాన్ని తెరిచింది. చిన్నవ్వ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "గీత ఏదమ్మాయ్?" అంది.

"తీసేశారు అత్తయ్యా. నైజీరియా, ఉగాండాల్లో సుమారు 10,000 మంది తల్లుల్ని గమనించారంట. గంటకో సెంటీమీటరు అందరికీ కుదరదని తేలింది. ఇప్పుడు ఐదు సెంటీమీటర్ల నుంచే అసలు నొప్పుల లెక్క."

చిన్నవ్వ కాసేపు మాట్లాడలేదు. "మరి ఆ గీత చూసి మేం తొందరపెట్టిన వాళ్ళో?"

పిన్ని జవాబు చెప్పలేదు. గీత వల్ల బతికినవాళ్ళూ ఉన్నారు అత్తయ్యా అని తర్వాత వంటింట్లో అందట. నాకైతే రెండూ నిజమే అనిపించింది.

నోట్‌బుక్కులు రెండు నాకిచ్చింది చిన్నవ్వ. స్కాన్ చేస్తున్నా, తల్లుల పేర్లు కనపడకుండా కప్పి.