కమాండ్ లైన్: తొలి పాఠాల చరిత్ర

కమాండ్ లైన్ కాగితం మీద పుట్టింది. 1960ల మొదట్లో ప్రోగ్రాము నడపాలంటే పంచ్ కార్డుల కట్టను ఆపరేటరుకు అప్పగించి గంటల తరబడి ఎదురుచూడాలి. 1961 నవంబరులో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ప్రదర్శించిన సీటీఎస్‌ఎస్ వ్యవస్థ ఈ పద్ధతిని మార్చింది. ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో వాడుకోవచ్చు. ఎవరి ఆదేశం వారు టైపు చేస్తే, జవాబు వారికే వస్తుంది. ఆ వ్యవస్థ మీదే ఫ్రాన్సు నుంచి వచ్చిన లూయీ పూజాఁ, వరుస ఆదేశాలను ఒక ఫైల్లో రాసి ఒకేసారి నడిపే రన్‌కామ్ ప్రోగ్రాము తయారుచేశాడు. ఆదేశాలను అందుకునే భాగానికి 'షెల్' అని పేరు పెట్టిందీ ఆయనే. 1965లో మల్టిక్స్ వ్యవస్థ కోసం దాన్ని గ్లెండా ష్రోడర్ అమలు చేసింది.

మల్టిక్స్ తయారీలో భాగస్వామిగా ఉన్న బెల్ ల్యాబ్స్ 1969లో దాని నుంచి తప్పుకుంది. అక్కడి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఒక చిన్న పీడీపీ-7 కంప్యూటరు మీద యూనిక్స్ అనే వ్యవస్థను మొదలుపెట్టారు. ఈనాటి విద్యార్థిని తికమకపెట్టే లక్షణాలు చాలావరకు ఆ రోజులవే. వారు తెరకు బదులు వాడిన, 1963లో వచ్చిన మోడల్ 33 టెలిటైపు సెకనుకు 10 అక్షరాలే కాగితం మీద అచ్చువేసేది. మీటలు గట్టిగా నొక్కాలి. అందుకే ఆదేశాలు ఎల్‌ఎస్, సీపీ, ఎంవీ, ఆర్‌ఎం అని రెండేసి అక్షరాలకు కుదించుకుపోయాయి. పొదుపు కొన్నిచోట్ల శ్రుతిమించింది కూడా. 'క్రియేట్' అనే సిస్టమ్ కాల్ పేరులో చివరి అక్షరం ఎగరగొట్టడమే తాను దిద్దుకోవాలనుకునే తప్పని థాంప్సనే తర్వాత చమత్కరించాడు.

పని సవ్యంగా జరిగితే యూనిక్స్ ఏమీ పలకదు. కొత్తవాళ్లకు ఇది బెరుకు పుట్టిస్తుంది. దీని వెనక రెండు కారణాలున్నాయి. అనవసరపు మాటలు అచ్చయితే కాగితమూ కాలమూ వృథా. రెండోది, ఒక ప్రోగ్రాము ఫలితం మరోదానికి ముడిసరుకు కావాలి. తోటలో నీళ్ల గొట్టాలు ఒకదానికొకటి తగిలించినట్టు ప్రోగ్రాములను కలపాలని బెల్ ల్యాబ్స్‌కే చెందిన డగ్లస్ మెక్‌ల్రాయ్ 1964లోనే రాశాడు. 1970ల తొలినాళ్లలో థాంప్సన్ దాన్ని 'పైపు'గా అమలు చేశాడు. మధ్యలో కబుర్లు దొర్లితే తర్వాతి ప్రోగ్రాము వాటినీ సమాచారంగానే భావిస్తుంది.

ఇక నేర్చుకున్నవారి సంగతి. ఇంజనీర్లు కాని తొలి యూనిక్స్ వాడుకదారులు బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగపు టైపిస్టులు ముగ్గురు. 1971 ద్వితీయార్ధంలో వారు రోజంతా పేటెంట్ దరఖాస్తులు టైపు చేసి, దిద్ది, పేజీలుగా అమర్చేవారు. వారు వాడిన పీడీపీ-11 కంప్యూటరుకు మెమరీ రక్షణ లేదు, డిస్కు అర మెగాబైటే. పక్కన ఎవరైనా కొత్త ప్రోగ్రాము పరీక్షిస్తే టైపిస్టుల పని తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉండేది. అలాంటి యంత్రం మీద వీరు పని చక్కబెట్టుకున్నారంటే, కమాండ్ లైన్ నిపుణులకే సాధ్యమన్న అపోహ అప్పుడే తేలిపోయినట్టు లెక్క.

1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యూనిక్స్ తొలి మాన్యువల్ తెలిసినవారికే తెలిసేలా ఉండేది. ఆ లోటును బెల్ ల్యాబ్స్‌లోని బ్రయాన్ కెర్నిగన్ 'యూనిక్స్ ఫర్ బిగినర్స్' అనే చిన్న పుస్తకంతో పూడ్చాడు. తర్వాత ఆయనా మైకేల్ లెస్కూ కలిసి 'లెర్న్' ప్రోగ్రాము రాశారు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో అది భాగమైంది. ఫైళ్లు, ఎడిటరు వంటి విషయాలపై ఒక్కో పాఠం చూపి, నిజమైన షెల్‌లోనే అభ్యాసం చేయించేది. సరిగా చేస్తే ముందుకు సాగనిచ్చేది, తప్పితే మళ్లీ ప్రయత్నించమనేది. చురుకైనవారికి పాఠాలు తక్కువ, నెమ్మదిగా నేర్చేవారికి వివరాలు ఎక్కువ. నేటి ఆన్‌లైన్ పాఠాల్లో చాలావాటికి ఇంతటి ఓపిక లేదు.

1981 నుంచి ఎంఎస్-డాస్ ఈ చదువును ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ చేర్చింది. 1990ల్లో తెలుగు పట్టణాల కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లోనూ తొలి పాఠాలు డాస్ ఆదేశాలే: డిఐఆర్, కాపీ, డెల్. 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ షెల్, 1991లో వచ్చిన లినక్స్ యూనిక్స్ పద్ధతిని మామూలు పీసీలకు తెచ్చాయి.

ఇప్పటి విద్యార్థి మొదట నేర్చే ఎల్‌ఎస్, క్యాట్, సీపీ, ఎంవీ, ఆర్‌ఎం, డేట్ ఆదేశాలన్నీ 1971 మాన్యువల్‌లో ఉన్నవే. నేడు రెండక్షరాల సీడీతో ఫోల్డరు మార్చే పనికి మాత్రం అప్పట్లో సీహెచ్‌డీఐఆర్ అని ఐదక్షరాలు కొట్టాల్సి వచ్చేది.