చిందు నిదానించిన కథ

1583లో మాడ్రిడ్‌లో ఒక పాట పాడితే శిక్ష 200 కొరడా దెబ్బలు. వీధిలో పాడినా, ఇంట్లో పాడినా ఒకటే లెక్క. దెబ్బలతో అయిపోదు. మగవాళ్లయితే ఆరేళ్లు రాజుగారి ఓడల్లో తెడ్లు వేయాలి, ఆడవాళ్లయితే దేశం విడిచిపోవాలి. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఏలుబడిలో ప్రభుత్వానికి అంత కోపం తెప్పించిన ఆ ఆటపాట పేరు సరబాంద.

ఎక్కడ పుట్టిందో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. దాని పేరు మాత్రం ముందుగా అట్లాంటిక్ అవతలే కనిపిస్తుంది, 1539లో పనామాలో రాసిన ఒక స్పానిష్ కవితలో. నలభై ఏళ్ల తర్వాత మెక్సికో ఆదివాసుల ఆటపాటలను వర్ణిస్తూ డియేగో దురాన్ అనే క్రైస్తవ సన్యాసి వాటిలో ఒకదాన్ని సరబాందతో పోల్చాడు. వలస ఓడలే దీన్ని స్పెయిన్‌కు మోసుకొచ్చాయని చాలామంది నమ్మకం.

వాయిద్యాలు సామాన్యమైనవే: గిటారు, చేతుల్లో చిడతల్లా టకటకలాడే కాస్టానెట్లు. గిటారు తీగల్ని ఒక్కొక్కటిగా మీటడం కాదు, అన్నిటినీ ఒక్క ఊపులో గీరడం. దానికి తగ్గ నడుము కదలికలు, కొంటె మాటలు. మర్యాదస్తుల్ని కూడా రెచ్చగొట్టే ఆట ఇదని మతాచార్యుడు హువాన్ దె మరియానా మండిపడ్డాడు. అయినా జనం మానలేదు. 1613లో అచ్చయిన సెర్వాంటెస్ కథల్లో ఒకదానిలోనూ సరబాంద వినిపిస్తుంది.

ఇటలీ మీదుగా, ఫ్రాన్స్ దాకా పోయింది. అక్కడ పేరు చివరి అచ్చు రాలి ‘సరబాంద్’ అయింది, వేగమూ రాలిపోయింది. అక్కడి రాజు పద్నాలుగో లూయీ స్వయంగా నర్తకుడు. 1661లో నాట్యానికి రాజ అకాడమీ పెట్టాడు. ఆ కొలువులో నడుము ఊపులకు చోటు లేదు. వెన్ను నిటారుగా ఉండాలి, పాదాన్ని కొలిచినట్టు చాపి, ఆపి, వంచి దించాలి. 1700లో ఫుయ్యే అనే నాట్యాచార్యుడు ఇలాంటి అడుగుల్ని గీతలతో కాగితం మీదికి ఎక్కించే పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాడు. ఇంగ్లండ్ మాత్రం వెంటనే మారలేదు. 1676లో థామస్ మేస్ రాసిన సంగీత గ్రంథంలో సరబాంద్ ఇంకా తేలికపాటి సరదా బాణీయే.

కొలువు సరబాంద్ కిటుకంతా లయలో ఉంది. తాళం మూడు దెబ్బలది. మామూలుగా బరువు మొదటి దెబ్బ మీద పడుతుంది కదా, ఇందులో తరచు రెండోదాని మీద ఒరుగుతుంది. ఒకటి అని, రెండు దగ్గర ఆగి, సాగదీసి, మూడును వదిలేసినట్టు ఉంటుంది. అడుగు వేయబోయి క్షణం తటపటాయించిన మనిషి నడక అది.

క్రమంగా నాట్యాలు కాళ్లను వదిలి చెవులకు చేరాయి. ఆలమాంద్, కూరాంత్, సరబాంద్, జీగ్ అనే నాట్య బాణీలను వరసగా కూర్చి ‘సూట్’ అన్నారు. ఎవరూ ఆడరు, కూర్చుని వింటారు. జర్మన్ వాద్యకారుడు ఫ్రోబెర్గర్ తన రాతప్రతుల్లో సరబాంద్‌ను చివర పెట్టుకుంటే, 1667లో ఆయన పోయాక అచ్చువేసినవాళ్లు దాన్ని ముందుకు జరిపి హుషారైన జీగ్‌తో ముగించారు. ఆ వరసే స్థిరపడింది.

దాన్నే జర్మన్ స్వరకర్త బాఖ్ అందుకున్నాడు. 1720 ప్రాంతంలో, కోథెన్ సంస్థానంలో కొలువు చేస్తూ, ఒంటరి చెల్లో కోసం ఆరు సూట్లు రాశాడు. ఆయన చేతిరాత ప్రతి దొరకలేదు. భార్య ఆనా మాగ్దలేనా ఎత్తిరాసిన ప్రతి మిగిలింది. 1890లో బార్సిలోనా రేవు దగ్గర ఒక పాత పుస్తకాల కొట్టులో పదమూడేళ్ల పాబ్లో కాసల్స్‌కు వీటి అచ్చుప్రతి దొరికింది. పన్నెండేళ్లు సాధన చేశాకే సభలో వాయించాడు. ఆయన 1936-39 మధ్య ఇచ్చిన రికార్డులు వీటిని ప్రపంచానికి పరిచయం చేశాయి.

వాటిలో ఐదో సూట్ వాయించాలంటే పై తీగను ఒక మెట్టు దించి శ్రుతి చేసుకోవాలి. మిగతా సూట్ల సరబాంద్‌లలో కమాను రెండు మూడు తీగల్ని కలిపి పలికిస్తుంది. ఈ సూట్‌లోని సరబాంద్‌లో అదీ లేదు. ఒక్క గీతలా సాగే స్వరాలు, నాలుగు పొట్టివి, ఒక పొడుగుది, మళ్లీ అదే తీరు. మొత్తం ఇరవై ఆవర్తాలు. పునరావృతాలతో కలిపినా నాలుగు నిమిషాలకు అటూఇటూ.

2002 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో, కూలిన జంట భవనాల స్థలంలో, చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతుంటే యోయో మా అనే చెల్లో విద్వాంసుడు వాయించింది ఈ సరబాంద్‌నే.

స్పానిష్ నిఘంటువులో సరబాంద అన్న మాటకు ఈనాటికీ ఉన్న ఒక అర్థం: గోల, రభస.