నాల్‌బంద్ చేతిపని – అమానత్ బాధ్యత

పవిత్ర ఖుర్ఆన్‌లోని 'అల్ ఆదియాత్' సూరా రొప్పుతూ పరుగెత్తే గుర్రాల ప్రమాణంతో ప్రారంభమవుతుంది. వాటి గిట్టల రాపిడికి నిప్పురవ్వలు రాలడం అందులో ప్రస్తావించబడినది. గుర్రపు నుదుటి జూలుతో ప్రళయదినం వరకు మేలు ముడిపడి ఉంటుందని దైవప్రవక్త (సల్లం) బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ముస్లింల చరిత్రలో జిహాదుకూ, ఖలీఫాల తపాలాకూ గుర్రం ఒక ముఖ్య ఆధారం. మన చరిత్రకారులు రౌతును వర్ణించారు, ఖడ్గాన్ని వర్ణించారు, గుర్రపు వంశావళిని సైతం వర్ణించారు. కాని ఆ గుర్రపు కాలిని తన తొడమీద పెట్టుకొని, వంగి కూర్చుని లాడం కొట్టే మనిషిని గురించి వారు వ్రాసినది బహు స్వల్పం.

అతడిని అరబ్బులు 'బైతార్' అన్నారు. పశువైద్యమూ, లాడం కొట్టడమూ రెండూ అతని పనులే. ఫార్సీ, ఉర్దూ భాషలలో 'నాల్‌బంద్' అన్నారు. 'నఅల్' అంటే అరబీలో చెప్పు. గుర్రపు లాడానికి కూడా అదే మాట. చెప్పు లేని మనిషి ఎలాగో నడుస్తాడు. రాతినేలమీద లాడం లేని సవారీ గుర్రం ఎక్కువ దూరం నడవలేదు. అందుకే గుర్రం గలవారందరికీ ఇతనితో పని, ఇతనిమీదనే ఫిర్యాదు. రేపు వస్తానంటాడు, పది రోజులైనా రాడు. వచ్చినా తొందరలో నాలుగు మేకులు కొట్టి కూలి పుచ్చుకొని పోతాడు. మరునాడు గుర్రం కుంటితే, తప్పు గుర్రానిదే అంటాడు. గుర్రాలున్న ప్రతి దేశంలోనూ వినిపించే మాట ఇది.

ఈ ఫిర్యాదును మన పూర్వ విద్వాంసులు తిట్లతో సరిపెట్టలేదు. దానిని ధర్మశాస్త్ర సమస్యగా, పరిపాలనా సమస్యగా స్వీకరించారు. వారు చూపిన పరిష్కారమేమిటి, అది లేనిచోట ఏమి జరిగినది అనే విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గిట్టలోని రహస్యం

ముందుగా ఈ పనిలోని కష్టాన్ని గ్రహించడం అవసరం. గుర్రపు గిట్ట పైగోడ మన గోటివలె స్పర్శ లేని పదార్థం. దాని లోపల రక్తనాళాలూ, నరాలూ గల సున్నితమైన మాంసం ఉంటుంది. ఈ రెండింటి నడుమ కనిపించేది ఒక సన్నని తెల్లని గీత మాత్రమే. మేకు ఆ గీతకు వెలుపల దిగితే గుర్రానికి నొప్పి తెలియదు. లోపలికి దిగితే నెత్తురు వస్తుంది, చీము పడుతుంది, కాలు చెడుతుంది. సమర్థతకూ అసమర్థతకూ మధ్య దూరం ఒక గింజ మందం కంటె ఎక్కువ కాదు.

అంతేగాక గిట్ట ఎల్లప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి లాడం విప్పి, పెరిగిన భాగాన్ని చెక్కి, మళ్ళీ కొట్టాలి. గడువు దాటితే గిట్ట ముందుకు సాగి, కీళ్ళమీద భారం పడుతుంది. కాబట్టి నాల్‌బంద్ మాట తప్పడం యజమానికి విసుగు కలిగించడంతో ఆగదు; నోరులేని జంతువు ఒంటిమీద ఆ ఆలస్యం నమోదవుతుంది.

ముహ్‌తసిబ్ పర్యవేక్షణ

ఇస్లామీయ నగరాలలో బజారు నీతిని కాపాడే అధికారి 'ముహ్‌తసిబ్'. తూనికలు, కొలతలు మొదలుకొని రొట్టెలవాని పిండి వరకూ తనిఖీ చేయడం అతని విధి. అతని ఉపయోగం కోసం 'హిస్బా' గ్రంథాలు వెలువడ్డాయి. వాటిలో ప్రసిద్ధమైనది క్రీ.శ. 12వ శతాబ్దిలో షామ్ దేశానికి చెందిన అబ్దుర్రహ్మాన్ బిన్ నస్ర్ అష్షైజరీ వ్రాసిన 'నిహాయతుర్రుత్బా'. సుల్తాన్ సలాహుద్దీన్ కాలపు ఈ గ్రంథం 40 అధ్యాయాలు గలది. దాని తరువాత ఈజిప్టులో ఇబ్నుల్ ఉఖువ్వా (మరణం హి.శ. 729 / క్రీ.శ. 1329) 'మఆలిముల్ ఖుర్బా' అనే విస్తృత గ్రంథం రచించాడు. ఈ సంప్రదాయంలో బైతార్లకు ప్రత్యేక స్థానం కలదు.

ఆ గ్రంథాల వాదన గమనించదగినది. పశువుల చికిత్స మనుష్యుల చికిత్స కంటె కష్టమైనదని వారు నిర్ణయించారు. మనిషి తన నొప్పి చెప్పుకోగలడు. పశువుకు మాట లేదు. చేతితో తడిమి, కంటితో చూసి మాత్రమే దాని బాధను తెలుసుకోవాలి. కాబట్టి అనుభవం లేకుండా పశువును కోయడం, వాత పెట్టడం, నెత్తురు తీయడం వంటి సాహసాల నుండి ఆపగలిగేటంతటి ధర్మనిష్ఠ గలవాడే ఈ వృత్తిలోకి రావాలని షరతు పెట్టారు. చేతిలో నైపుణ్యంతోపాటు గుండెలో దైవభీతి ఉండాలన్నమాట. సాక్ష్యం చెప్పలేని ప్రాణి విషయంలో పనివాని అంతఃకరణే మొదటి కాపలాదారు.

ఆ తరువాత సాంకేతిక సూత్రాలున్నాయి. చెక్కడానికి ముందు గిట్టను పరీక్షగా చూడాలి. అది ఒక పక్కకు వాలి ఉంటే, సమతూకం వచ్చేదాకా రెండవ పక్క చెక్కాలి. కాలి నిలువును బట్టి ముందు మేకులు పెద్దవిగానో, వెనుక మేకులు పెద్దవిగానో ఎన్నుకోవాలి. గిట్టను అతిగా చెక్కరాదు. మేకులు వదులుగా కొట్టరాదు. లాడం కదిలి అడుగున ఇసుక, గులకరాళ్ళు దూరతాయి. మరీ బిగించనూ రాదు, గుర్రం కుంటిదవుతుంది. లావు మేకుల కంటె సన్న మేకులు మేలు. ఇవి ఈనాటి లాడాలవారు సైతం అంగీకరించే మాటలే.

ఒక న్యాయాధికారి చేతి పుస్తకంలో మేకుల సైజు గురించి వ్రాయవలసిన అవసరమేమిటని పాఠకులు అడగవచ్చు. దానికి కారణమున్నది. యజమానికి పని తెలియదు. పనివాడు తనకు తెలిసినదే సత్యమంటాడు. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పవలసినవానికి ప్రమాణం కావాలి. వ్రాసి పెట్టిన ప్రమాణం ఉన్నప్పుడే ఫిర్యాదు విచారణకు నిలుస్తుంది. లేనప్పుడు అది కేవలం జగడమై పోతుంది.

ఈ ప్రమాణానికి వెనుక గొప్ప విద్యాసంప్రదాయం కూడా ఉన్నది. అబ్బాసీ ఖలీఫా అల్ ముఅతజిద్ (క్రీ.శ. 892–902) అశ్వశాలాధికారి ఇబ్ను అఖీ హిజామ్ గుర్రపుస్వారీ, అశ్వవైద్యాలపై గ్రంథం వ్రాశాడు. 14వ శతాబ్దిలో మమ్లూక్ సుల్తాన్ అన్నాసిర్ ముహమ్మద్ బిన్ ఖలావూన్ కొలువులోని అబూబక్ర్ బిన్ బద్ర్ రచించిన అశ్వశాస్త్ర గ్రంథం సుల్తాను పేరుమీదుగా 'అన్నాసిరీ' అని ప్రఖ్యాతి పొందినది. 19వ శతాబ్దిలో అది ఫ్రెంచి భాషలోకి అనువదించబడినది.

నష్టానికి బాధ్యులెవరు?

గుర్రం కుంటిదైతే నష్టపరిహారం ఎవరివ్వాలి? వైద్యం తెలిసినవాడుగా పేరులేకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (సల్లం) బోధించిన హదీసు అబూదావూద్, నసాయీ, ఇబ్నుమాజా గ్రంథాలలో ఉన్నది. దీనిని ఫుఖహాలు మనుష్య వైద్యునితోపాటు పశువైద్యునికి కూడా వర్తింపజేశారు. చేతిపనివారిని వారి చేతిలోని సొత్తుకు హజ్రత్ అలీ (రజి) బాధ్యులుగా చేశారనీ, లేకుంటే ప్రజల వ్యవహారాలు చక్కబడవని అభిప్రాయపడ్డారనీ ఒక రివాయతు కలదు. దాని పరంపరపై హదీసువేత్తలు చర్చించినప్పటికీ, న్యాయవేత్తలు దానిని ప్రస్తావిస్తూనే వచ్చారు.

హనఫీ ఫిఖ్‌హ్‌లో పనివారు రెండు రకాలు. ఒకే యజమాని దగ్గర జీతానికి కుదిరినవాడు 'అజీరె ఖాస్'. పదిమందికి పనిచేసేవాడు 'అజీరె ముష్తరక్'. బజారులోని నాల్‌బంద్ రెండవ కోవకు చెందినవాడు. ఇతనికి పని పూర్తిచేసిన తరువాతనే కూలి హక్కు ఏర్పడుతుంది. అంటే వస్తానని రానివాడు కూలి అడగజాలడు.

నష్టం విషయంలో ఫుఖహాలు చూపిన సూక్ష్మదృష్టి మరీ ప్రశంసనీయం. చాకలి ఉతుకులో గుడ్డ చిరిగితే అతడు బాధ్యుడు. కాని నెత్తురు తీసేవాడుగాని, పశువుకు గాటుపెట్టేవాడుగాని అలవాటైన హద్దు దాటకుండా పనిచేస్తే, ఆపైన కలిగిన నష్టానికి బాధ్యుడు కాడని ఇమాం ఖుదూరీ (మరణం హి.శ. 428 / క్రీ.శ. 1037) తన సంక్షిప్త గ్రంథంలో పేర్కొన్నాడు. 'హిదాయా' గ్రంథకర్త మర్గీనానీ (మరణం హి.శ. 593 / క్రీ.శ. 1197) దానికి కారణం వివరించాడు. గుడ్డ ఎంత దెబ్బకు తట్టుకుంటుందో శ్రద్ధతో చూసి తెలుసుకోవచ్చు; ప్రాణమున్న శరీరం ఎలా తట్టుకుంటుందో ముందుగా తెలియదు. అది ఎవరి చేతిలోనూ లేదు.

దీనివల్ల ఇరుపక్షాలకూ న్యాయం జరిగినది. తెలియనివాడు, హద్దు మీరినవాడు తప్పించుకోలేడు. తెలిసి శ్రద్ధగా పనిచేసినవాడిని దురదృష్టానికి దోషిగా నిలపరు. అలా నిలిపితే మంచి పనివాడెవడూ జబ్బు గుర్రాన్ని ముట్టుకోడు.

మఅబర్ గుర్రాల కథ

ఈ ఏర్పాట్లు లేనిచోట ఏమి జరుగుతుంది? దక్షిణ భారత చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 13వ శతాబ్దిలో ఇక్కడి రాజులకు సముద్రంమీదుగా గుర్రాలు దిగుమతి అయ్యేవి. ఓడలలో వచ్చే సరుకుల ప్రస్తావనలో గుర్రాలు కూడా కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (క్రీ.శ. 1244)లో కనిపిస్తాయి. అయితే పెద్ద వ్యాపారమంతా తమిళ తీరంలో, అరబ్బులు 'మఅబర్' అని పిలిచిన పాండ్యదేశంలో సాగినది. హుర్ముజ్, కీష్, జఫార్, షిహ్ర్, అదన్ రేవుల ముస్లిం వర్తకులు గుర్రాలను తెచ్చేవారు. మఅబరుకూ, ఇతర రేవులకూ కలిపి ఏటా 10,000 గుర్రాలు వచ్చేవని, ఒక్కొక్కదాని వెల 220 దీనార్లని చరిత్రకారుడు వస్సాఫ్ వ్రాశాడు.

అదే కాలంలో అక్కడికి వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఒక కఠినమైన మాట చెప్పాడు. రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వంద కూడా బ్రతకవనీ, అందుకు కారణం వాటిని చూడగల నాల్‌బందులు ఆ దేశంలో లేకపోవడమేననీ వ్రాశాడు. అంతటితో ఆగక, గుర్రాలు తెచ్చే వర్తకులు నాల్‌బందులను అక్కడికి రానివ్వరనీ, గుర్రాలు ఎన్ని చస్తే తమకు అంత లాభమని సంతోషిస్తారనీ ఆరోపించాడు. వస్సాఫ్ మాత్రం తిండి తీరు, కట్టివేసే పద్ధతి, రౌతుల దురుసుతనం కారణాలుగా చూపాడు. అయితే ఏటేటా కొత్త గుర్రాలు కావలసిరావడంవల్లనే ముస్లిం వర్తకులు వాటిని మఅబరుకు తెస్తున్నారని అతడూ అంగీకరించాడు.

మార్కోపోలో పరాయివాడు, వర్తకుల మనస్సులోని ఉద్దేశానికి అతని మాట ఒక్కటే సాక్ష్యంగా చాలదు. అయినప్పటికీ ఈ ఆరోపణను మనం తేలికగా తీసివేయరాదు. ఖాహిరాలో బైతార్ విద్య ఉచ్ఛస్థితిలో ఉన్న కాలమది. ఆ విద్య గుర్రాలతోపాటు ఓడ ఎక్కి ఇక్కడికి రాలేదు. సరుకు వచ్చినది, దాని సంరక్షణ రాలేదు. నోరులేని ప్రాణులు ఏటా వేలసంఖ్యలో చచ్చిపోతుంటే, వాటి ప్రాణంతో లాభం గడించేవారికి ఏ పూచీ లేకపోయినది. నాల్‌బంద్ చెడ్డవాడైతే ఒక గుర్రం కుంటుతుంది. నాల్‌బందే లేకపోతే, లేకపోవడంలోనే లాభం ఉంటే, మందలకు మందలు నశిస్తాయి.

తరువాతి ముస్లిం ప్రభుత్వాలు ఈ పాఠాన్ని నేర్చుకున్నట్లు కనిపిస్తుంది. అక్బరు కాలపు అశ్వశాలల సిబ్బందిలో బైతార్‌ను, నాల్‌బంద్‌ను వేరువేరు ఉద్యోగులుగా 'ఆయినె అక్బరీ' పేర్కొన్నది. గుర్రం చనిపోయినా, గాయపడినా సంబంధిత సిబ్బందిపై జరిమానా విధించే నిబంధనలు కూడా అందులో ఉన్నాయి.

యజమాని వంతు

ఇంతవరకు నాల్‌బంద్ బాధ్యత చూశాము. షరీఅత్ త్రాసుకు రెండవ తట్ట కూడా ఉన్నది. పనివానితో పూర్తిగా పని చేయించుకొని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినౌతానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసు తెలుపుతున్నది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని ఇబ్నుమాజా హదీసులో ఉన్నది. 'అల్ ముతఫ్ఫిఫీన్' సూరా తమకు రావలసినది నిండుగా పుచ్చుకొని, ఇతరులకు ఇవ్వవలసినది తగ్గించేవారిని గర్హిస్తుంది. కూలి నెలల తరబడి ఆపే యజమాని, తన్నే గుర్రాన్ని ముందుగా చెప్పకుండా అప్పగించే యజమాని, వేరొకడు రెండణాలు తక్కువకు వస్తాడని మంచి పనివానిని వదులుకొనే యజమాని కూడా ఈ గర్హకు పాత్రులే. నాల్‌బంద్ ఒక తన్నుకు తన ప్రాణాన్నే పణంగా పెట్టి వంగుతున్నాడన్న సంగతి మరువరాదు.

ముగింపు

తెలుగు పల్లెలలో గుర్రాలు అరుదైనా, సంతలలో ఎడ్లకు లాడాలు కొట్టే ముస్లిం కుటుంబాలను మన పెద్దలందరూ ఎరుగుదురు. ఎద్దును తాళ్ళతో పడవేసి, డెక్క చీలికకు రెండు బిళ్ళలు కొట్టి, సాయంత్రానికి మరో ఊరి సంతకు బయలుదేరే ఆ మనుషులు షైజరీ పేరు విని ఉండరు. అయినా ఏ మేకు ఎక్కడ ఆగాలో వారి చేతికి తెలుసు. ట్రాక్టరు వచ్చి వారి పని తగ్గినది. వారు ఎత్తిచూపిన ప్రశ్న మాత్రం తగ్గలేదు.

మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక పనిలో నాల్‌బందులమే. మోటారు బాగుచేసేవాడు, మందు ఇచ్చేవాడు, పాఠం చెప్పేవాడు – వీరందరి పనిలోనూ యజమాని కంటికి కనిపించని ఆ తెల్లని గీత ఒకటి ఉంటుంది. దానికి ఇవతల ఆగామో, అవతలికి దిగామో ముందుగా తెలిసేది మనకూ, మన ప్రభువుకూ మాత్రమే. విద్య, పర్యవేక్షణ, నష్టపూచీ అనే మూడింటినీ మన పూర్వులు ఆ గీత చుట్టూ కట్టుదిట్టం చేశారు. వాటన్నిటికీ పునాదిగా నిలిపినది అమానత్. ఆ పునాదిని కాపాడుకొనే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.