తుంగభద్రకు ఆవలి పోలీసు నవల

ఆదోని సీమను 1800లో నిజాం కుంపిణీకి, అనగా ఈస్టిండియా కంపెనీకి, వదులుకోగా, అలా ఇచ్చివేసిన ప్రాంతాలకు దత్త మండలాలనే పేరు వచ్చింది. తుంగభద్రకు ఆవల మాత్రం నిజాం రాజ్యమే సాగింది. ఆ కొలువులో సైనికోద్యోగిగా చేరి కొంతకాలం పోలీసు అధికారిగానూ పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్, థగ్గుల, అనగా బాటసారులతో స్నేహం నటించి రుమాలుతో గొంతు బిగించి దోచుకొనేవారని పేరుపడిన ముఠాల, వృత్తాంతాన్ని 1839లో నవలగా వెలువరించాడు. పట్టుబడిన అమీర్ అలీ చేతనే ఒక దొరకు వాంగ్మూలంలా కథంతా చెప్పించడం దాని బలం. అయితే థగ్గులపై కుంపిణీ అధికారుల రాతల్లో అతిశయోక్తి పాలెంతో చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు గనుక, దానిని సాక్ష్యంగా కాక పోలీసు చూపుగా చదవడమే మేలు. ఇక కుంపిణీకి దక్కిన ఈవలి గట్టున ఊరి కాపలా తలారిది, అనగా మాన్యం అనుభవిస్తూ దొంగల జాడ తీసే గ్రామోద్యోగిది. 1859 నాటి చట్టంతో జీతపు పోలీసు దళం వచ్చాక కూడా అతడు కొనసాగాడు.